కొనే ముందు బట్టని తిరగేసి చూడండి

(చేనేత దినోత్సవం రోజున కోనసీమలోని ఒక మహిళా డిగ్రీ కాలేజీలో, విద్యార్థినులూ పొదుపు సంఘాల మహిళలూ కలిసిన సభలో ఒక టైలర్ చేసిన ప్రసంగం.)

అందరికీ నమస్కారమండి. ప్రిన్సిపాల్ గారికి, మేడమ్ గార్లకి, పొదుపు సంఘాల నుంచి పని మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళకి, ముందు వరస ఖాళీగా ఉన్నా వెనక బెంచీలకి పారిపోయిన అమ్మాయిలకి కూడా.

1905లో ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైందని, దాని గుర్తుగా 2015 నుంచి ఈ రోజున చేనేత దినోత్సవం జరుపుతున్నారని మేడమ్ ఇందాక చెప్పారు. ఇలాంటి రోజున నేతపని వాళ్ళనో ఆఫీసర్లనో పిలుస్తారు. నన్నెందుకు పిలిచారో మొదట అర్థం కాలేదండి. నేను మగ్గం మీద కూర్చునే మనిషిని కాను. కుట్టేదాన్ని, విప్పేదాన్ని. కుట్టడం గురించి మీకు ఫోన్లో బోలెడు వీడియోలు దొరుకుతాయి. నేను విప్పడం గురించి మాట్లాడతాను.

టాపిక్ ఇచ్చారు: తక్కువ బడ్జెట్లో సస్టెయినబుల్ ఫ్యాషన్, అంటే భూమికి భారం కాకుండా బట్టలు కట్టుకోవడం. మా అమ్మాయి ఫోన్లో ఆ మాట కొట్టి చూపించింది. లేత రంగు లినెన్ కుర్తా, మూడు వేల పైచిలుకు. కింద భూమిని కాపాడండి అని రాసి ఉంది. మూడు వేలు పెట్టి కుర్తా కొనగలిగిన వాళ్ళ బీరువాలో అప్పటికే ముప్పై ఉంటాయి కదా, ముప్పై ఒకటోది కొని భూమిని ఎలా కాపాడతారో నాకైతే తెలియలేదు. మనలాంటి ఇళ్ళలో అసలు ప్రశ్న వేరు. ఉన్న కాస్త డబ్బుతో కొన్న బట్ట ఎన్నాళ్ళు ఒంటి మీద ఉంటుంది? అది ధర చీటీ మీద కనబడదు. బట్ట లోపలి వైపు కనబడుతుంది.

ఒకప్పుడు షాపుకి పాత బట్టలు సరిచేయమని తెచ్చేవాళ్ళు చాలామంది వచ్చేవారు. ఇప్పుడు తగ్గారు. జనానికి డబ్బు ఎక్కువైంది, మోజు ఎక్కువైంది అంటారు. కొంత నిజమే. కానీ నేను చూసే కారణం ఇంకోటి ఉంది. ఇప్పుడొచ్చే బట్టల్లో సరిచేయడానికి లోపల గుడ్డే ఉండటం లేదు.

మీలో చాలామంది రెడీమేడ్ టాప్‌లే వేసుకున్నారు. ఇంటికెళ్ళాక తిరగేసి పక్క కుట్టు చూడండి. అంచు పీచులేవకుండా మిషన్ మీద వేసే ఓవర్‌లాక్ దారం పక్కన పావంగుళం గుడ్డ ఉంటే గొప్ప. వేల సంఖ్యలో ఒకేసారి కత్తిరించేచోట ఒక్కో పీసులో అంగుళం మిగిలితే వాళ్ళకి అది పెద్ద లాభం. ఆ లాభం మన నష్టం. మీరు కొంచెం ఒళ్ళు చేశారనుకోండి, ఆ టాప్ సంగతి అంతే. చిరగలేదు, రంగు పోలేదు, అయినా పనికిరాదు. దాన్ని ఏ టైలరూ బాగుచేయలేరు, గుడ్డ పుట్టించలేం కదండీ.

ఇప్పుడు టైలర్ దగ్గర కుట్టించిన జాకెట్టు తిరగేయండి. పక్కల రెండు మూడు కుట్లు ఒకదాని పక్కన ఒకటి కనబడతాయి. లోపల అంగుళమో అంగుళంన్నరో గుడ్డ వదిలి ఉంటుంది. బిగుతైతే లోపలి కుట్టు ఒకటి విప్పుకుంటారు, ఇంట్లోనే, బ్లేడుతో. మా దాకా రానక్కర్లేదు. ఇలా చెప్పడం మా వ్యాపారానికి మంచిది కాదనుకోండి.

పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పిల్లలకి సంక్రాంతికి పట్టు లంగా కుట్టిస్తే కింద రెండు మూడు టక్కులు, అంటే అడ్డంగా మడిచి కుట్టిన మడతలు, వేయించేవారు. పిల్ల పొడుగు పెరిగితే ఏడాదికో టక్కు విప్పేవారు. నడుము దగ్గర కూడా గుడ్డ మడిచి ఉంచేవారు. విప్పినచోట గీత పడుతుంది. అది కనబడకుండా దాని మీద లేసు వేసి కుట్టేవారు. లేసుకి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. సఖినేటిపల్లి రేవు దాటితే నర్సాపురం. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు క్రోషె సూదితో అల్లే లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతం సరుకే అనే గుర్తింపు, వచ్చింది. పరదేశాల్లో భోజనాల బల్లల మీద పరిచే పని అది. మనకి టక్కు గీత దాచడానికీ, అంచు పీచులేచిన నూలు చీరకీ, మోచేతి దగ్గర చిరిగిన చేతులకీ రెండు మూరలు చాలు. ఆ లంగా అక్క నాలుగేళ్ళు కట్టి, చెల్లెలికి ఇచ్చేది. దానికి సస్టెయినబుల్ అని ఎవరూ పేరు పెట్టలేదు. పట్టు ఖరీదు, డబ్బులు లేవు, అంతే.

కాబట్టి షాపులో టాపైనా ఫ్రాకైనా ముందు తిరగేయండి. పక్క కుట్టు లోపల ఎంత వదిలారు, కింది మడత ఎంతుంది చూడండి. రెండు చేతులతో కుట్టుకి అటూ ఇటూ పట్టుకుని కొంచెం లాగండి. కుట్ల మధ్య వెలుతురు కనబడితే అది నాలుగు ఉతుకులకి విచ్చిపోతుంది. చంక దగ్గర కుట్టు ఒకటికి రెండుసార్లు వేశారా చూడండి, మన ఊళ్ళ ఉక్కకి చెమట పట్టి మొదట పోయేది అక్కడే. షాపతను విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి, డబ్బులు మీవి.

కుట్టించుకునేటప్పుడు కూడా ఒక మాట. లైనింగ్ గుడ్డ, చీర ఫాల్ ముందు నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇవ్వండి. నూలు గుడ్డ మొదటి తడికి కుదించుకుంటుంది. నానబెట్టకుండా కుడితే లోపలి లైనింగ్ కుంచించుకుని పై గుడ్డని లాగేస్తుంది, జాకెట్టు ముడతలు పడి మూలన పడుతుంది. 'రేపే ఫంక్షన్, అర్జెంటు' అన్నప్పుడల్లా జరిగేది ఇదే.

గుడ్డ దేనితో చేసిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. అంచులోంచి ఒక పోగు లాగి వెలిగించండి. షాపులో కాదు సుమండీ, ఇంటికెళ్ళాక. నూలైతే కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలియెస్టర్ కరిగి, చల్లారాక గట్టి పూస కడుతుంది. అసలు పట్టుకి వెంట్రుక కాలిన వాసన వస్తుంది. సూరత్ నుంచి వచ్చే చీరల్లో పేరు చివర సిల్క్ అని ఉన్నవి చాలావరకు పూస కట్టేవే. 

పాలియెస్టర్ పెట్రోలియం నుంచి వచ్చేది. ఉతికిన ప్రతిసారీ కంటికి కనబడని పోగులు ఊడి నీళ్ళలో కలుస్తాయి, అవి కుళ్ళవు. ప్రపంచంలో తయారయ్యే పోగులో సగానికి పైగా ఇప్పుడు అదే. అయితే పాలియెస్టర్ కట్టినవాళ్ళని తప్పుపట్టే పని నేను చేయను. నాట్లకి వెళ్ళే ఆవిడ సింథటిక్ చీర కడుతుంది. బురద తొందరగా వదులుతుంది, వానల్లో కూడా తెల్లారేసరికి ఆరుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు. పైగా ఆ చీరని పూర్తిగా చిరిగేదాకా కడుతుంది. భూమికి ఆవిడ చేసే నష్టం ఎంత? నా గొడవంతా ఒక్కసారి ఫోటోకి కట్టి బీరువాలో పడేసే చీరతో. నూలు కూడా ఏమంత అమాయకపుది కాదండి. ఒక్క నూలు టీ షర్టు తయారవడానికి, పత్తి పంట దగ్గర్నుంచి లెక్కేస్తే, సుమారు 2,700 లీటర్ల నీళ్ళు పడతాయని అంచనా. నూలు కదా అని పది కొని మూలన పడేస్తే అదీ దండగే.

నూలుకి ఉన్న సుగుణం చివర్లో తెలుస్తుంది. పాత నూలు చీర ఉయ్యాల అవుతుంది, బాలింత ఇంట్లో పసిబిడ్డ కింద పక్కగుడ్డ అవుతుంది, నాలుగు చీరలు కలిస్తే బొంత అవుతుంది. చివరికి మసిగుడ్డ. పాలియెస్టర్ గుడ్డతో వేడి గిన్నె దించి చూడండి, చేతికి అంటుకుంటుంది. నీళ్ళు తుడవడానికీ పనికిరాదు. అందుకే అది ఇంట్లో ఉండదు, బయటికి పోతుంది. ఎక్కడికి పోతుందో చూడాలంటే ఎండాకాలం ధవళేశ్వరం దగ్గర నీళ్ళు కట్టేశాక మన కాలవ గట్టు మీద నిలబడండి. అడుగున ప్లాస్టిక్ సంచుల మధ్య చీరలు, పరుపు గుడ్డలు బురదలో చిక్కుకుని ఉంటాయి. తూముల దగ్గర అడ్డం పడేవి కూడా అవే.

ఇక చేనేత గురించి చెప్పకుండా దిగితే మేడమ్ ఊరుకోరు. నర్సాపురం దగ్గర మాధవాయపాలెం అని ఊరుంది. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు బట్టల వ్యాపారానికి అక్కడ స్థావరం పెట్టుకున్నారు. మాడపోలం అనే నూలు గుడ్డకి ఆ పేరు ఈ ఊరి వల్లే వచ్చింది. తర్వాత అదే పేరుతో ఇంగ్లండు మిల్లులు గుడ్డ తీసి లోకమంతా అమ్ముకున్నాయి. పాలకొల్లులో డచ్చివాళ్ళు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు, యానాంలో ఫ్రెంచివాళ్ళు, అందరూ ఈ డెల్టా గుడ్డ కొనడానికి వచ్చి కూర్చున్నవాళ్ళే. అలాంటి చోట ఇవాళ పెళ్ళికి బట్టలంటే ముందు ఫోన్ తీస్తున్నాం.

చేనేత అనగానే ఉప్పాడ జాందానీ అంటారు. 2009లో దానికి జీఐ వచ్చింది. చేత్తో ఒక్కో పువ్వు పేకలో ఎక్కించే పని, ఒక్క చీర మీద వారాలూ నెలలూ కూర్చుంటారు. దాని ఖరీదు న్యాయమైనదే కానీ మన బడ్జెట్‌కి అందదు. అందదని బాధపడక్కర్లేదు కూడా. బండారులంక, పులగుర్త, అంగర, మోరి లాంటి చోట్ల నేసే మామూలు నూలు చీరలున్నాయి. ఇంకా తక్కువలో కావాలంటే తువ్వాళ్ళు, లుంగీలు, దుప్పట్లు. నన్నడిగితే ఇంట్లో చేనేత తువ్వాలుతోనే మొదలెట్టండి. రోజూ వాడేది, ఒళ్ళు తుడిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. సొసైటీ షాపుల్లో, ఆప్కోలో పండగలకి రిబేటు ఇస్తారు, అప్పటిదాకా ఆగండి. చేనేతా కాదా అని అనుమానమొస్తే చీర అంచు వెంబడి వెలుతురుకి పెట్టి చూడండి. సూదితో గుచ్చినట్టు సన్నటి చిల్లులు వరసగా ఉంటాయి. నేసేటప్పుడు గుడ్డని అడ్డంగా బిగదీసి ఉంచే బద్ద గుర్తులవి. హ్యాండ్‌లూమ్ మార్క్ చీటీ ఉంటే ఇంకా మంచిది.

ఇక్కడ ఒక అక్క లేచి అడగబోతోంది, నాకు తెలుసు. 'పన్నెండు వందలు పెట్టి నూలు చీర కొనమంటావా, మూడొందల యాభైకి చీర ఇంటికి తెచ్చిస్తుంటే?' లెక్కేద్దాం. పన్నెండొందల చీర రెండేళ్ళలో వందసార్లు కడితే ఒక్కోసారికి పన్నెండు రూపాయలు పడింది. మూడొందల యాభై చీర ఐదుసార్లు కట్టి పక్కన పెడితే ఒక్కోసారికి డెబ్బై. ఈ లెక్క అందరూ చెబుతారు, పేపర్లలో కూడా రాస్తారు. దీంట్లో ఉన్న మోసం ఎవరూ చెప్పరు. పన్నెండొందలు ఒకేసారి చేతిలో ఉండవు. మూడొందల యాభై ఉంటాయి. పేదవాళ్ళకి లెక్క రాక కాదు చవకవి కొనేది.

దీనికి నాకు తెలిసిన దారి మీ సంఘాల్లోనే ఉంది. మీరు ప్రతి నెలా పొదుపు కడుతున్నారు. నలుగురైదుగురు కలిసి బట్టల కోసమని వందేసి రూపాయలు విడిగా వేసుకోండి, నెలకొకరు తీసుకోండి. ఐదుగురుంటే ఐదొందలు. రిబేటులో ఒక మంచి నూలు చీరకి మిగతాది కలుపుకుంటే చాలు. ఆషాఢం సేల్‌కి వెళ్ళేముందు బీరువా తీసి అన్నీ మంచం మీద వేయండి. జాకెట్టు లేక కట్టనివి, జాకెట్టు బిగుతై కట్టనివి, ఫాల్ ఊడినవి వేరే పెట్టండి. చాలా ఇళ్ళలో ఆ కుప్పే పెద్దగా ఉంటుంది. చీర బాగుంటుంది, జాకెట్టు పట్టదు, అందుకే కట్టరు. అలాంటివాటికి కాంట్రాస్ట్ జాకెట్లు రెండు కుట్టించండి చాలు, ఒక నలుపు, ఒక మెరూన్. పది చీరలు బయటికొస్తాయి. ఈ రోజుల్లో లైనింగ్ జాకెట్టు కుట్టుకూలి చీర ఖరీదుని దాటుతోంది కదా, చీరకో జాకెట్టు అనే పద్ధతి మనల్ని ముంచుతోంది.

జాకెట్టు అనగానే గుర్తొచ్చింది, పేరంటాల జాకెట్టు ముక్కలు. శ్రావణమాసం కదా, మళ్ళీ మొదలవుతాయి. మా ఇంటి నుంచి మీ ఇంటికి, మీ ఇంటి నుంచి వాళ్ళింటికి, తిరిగి తిరిగి మళ్ళీ మా ఇంటికే వస్తాయి. ఎవరూ కుట్టించుకోరు, కుట్టడానికి పనికొచ్చే గుడ్డ కాదు, కొలత కూడా చాలదు. పసుపు కుంకుమతో ఇచ్చేది కాబట్టి మానేయమని నేననను. అయితే పాతిక రూపాయల పాలియెస్టర్ ముక్కలు ఇరవై పంచే బదులు ఆ డబ్బుతో మంచి నూలు జేబురుమాలో, చిన్న చేతి తువ్వాలో ఇవ్వచ్చు. అవి తిరిగి రావు. వాడతారు.

ఇంకో కొత్త ఖర్చు హల్దీ. మన ఊళ్ళలో మంగళస్నానం, నలుగు ఉండేవి, పాత చీరే కట్టేవారు, పసుపంటుతుంది కదా. ఇప్పుడు అందరికీ పసుపు రంగు డ్రెస్ కోడ్. చుట్టాలూ స్నేహితులూ పాతికమంది పాతిక కొత్త పసుపు బట్టలు కొంటున్నారు, ఒక్క పూటకి. మీ ఇళ్ళలో పెళ్ళి జరిగితే 'పసుపు, తెలుపు, ఆకుపచ్చ, ఇంట్లో ఏదుంటే అది' అని పత్రిక పంపేటప్పుడే చెప్పండి. పిలిచే ఇల్లు చెబితేనే అతిథులకి ధైర్యం. పెళ్ళికొడుక్కి షేర్వానీ అద్దెకి తీసుకోవడం ఇప్పుడు ఎవరూ నామోషీ అనుకోవట్లేదు. ఆడవాళ్ళ పట్టుచీరల దగ్గరికొచ్చేసరికి మాత్రం వదినా ఆడబిడ్డా ఒకరిది ఒకరు కట్టుకోవడానికి వెనకాడతారు. ఫోటోలో గుర్తుపడతారని! గుర్తుపడితే పట్టనివ్వండి.

బట్ట నిలబెట్టుకోవడం గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు, బట్ట బిరుసెక్కుతుంది. ఉతకడం దేంట్లో ఉతికినా ఆఖరి జాడింపు మంచినీళ్ళతోనో పట్టిన వాన నీళ్ళతోనో చేయండి. రంగు బట్టలు తిరగేసి నీడపట్టున ఆరేయండి. గంజి పెట్టిన చీర గంజితోనే వానాకాలం బీరువాలో పెట్టకండి, బూజు పడుతుంది, పురుగు కొడుతుంది. గంజి వదిలేలా జాడించి, బాగా ఆరనిచ్చి దాచండి. పట్టుచీర మడతలు రెండు మూడు నెలలకోసారి మార్చండి. ఎప్పుడూ ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంబడే చీలిపోతుంది. కలరా ఉండలు జరీకి తగలకూడదు, చీరని పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టండి.

ఇంక వాడలేనివి ఉంటాయి. స్టీలు సామాన్ల వాళ్ళకి వేయండి, వాళ్ళ చేతుల్లోంచి ఆ బట్టలు మళ్ళీ అమ్మకానికి పోతాయి. వరదలప్పుడు గోదావరి లంకల్లోకి మూటలు పంపేవాళ్ళకి నా మనవి ఒక్కటే. బటన్లు లేనివి, చంక చిరిగినవి, జాకెట్టు లేని చీరలు పంపకండి. ఇల్లు మునిగినవాళ్ళు సూది దారం ఎక్కడ వెతుక్కుంటారు?

మీకేమైనా అడగాలనుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: ఆంటీ, మా అమ్మ పాత పట్టుచీరతో లాంగ్ ఫ్రాక్ కుట్టించుకోవచ్చా?)

కుట్టించుకోవచ్చమ్మా, ముందు చీరని కిటికీకి అడ్డం పట్టుకుని చూడు. మడతల దగ్గర సన్నగా గీతలు గీతలుగా వెలుతురు వస్తే ఆ భాగం బరువు మోయదు. అక్కడ చీలిపోతుంది. అలాంటి చోట్లు ఘేరాలోకి, అంటే కింద విచ్చుకునే భాగంలోకి, రాకుండా కత్తిరించమని చెప్పు, లోపల నూలు లైనింగ్ తప్పకుండా వేయించు. పైభాగం పక్కల్లో అంగుళంన్నర వదలమను, కింద మడత రెండంగుళాలు. నువ్వింకా పెరుగుతావు.

(విద్యార్థిని: మరి రంగు వెలిసిపోయిన కాటన్ డ్రెస్‌కి రంగు వేయించొచ్చా?)

నూలైతే వేయించొచ్చు, ముదురు రంగే ఎక్కుతుంది, లేత రంగు ఎక్కదు. కుట్టుదారం పాలియెస్టర్ అయితే దానికి ఆ రంగు పట్టదు, కుట్లు పాత రంగులోనే కనబడతాయి. అది డిజైన్ అనుకుంటారులే, బాగానే ఉంటుంది.

ఫ్రాక్ సంగతి ఇంకొకటి. కత్తెర పెట్టే ముందు మీ అమ్మని అడుగు, ఆవిడ ఆ చీర ఇంకా కడుతుందేమో. కుట్టాక మిగిలిన ముక్కలు టైలర్ దగ్గర వదిలేయకు, అడిగి తెచ్చుకో. తర్వాత ఎక్కడైనా చిరిగితే మాసిక వేయడానికి ఆ రంగు గుడ్డ నీకు బజార్లో దొరకదు.